సిమ్యులేటర్ తడబడుతుంటే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ఫ్లైట్ సిమ్యులేటర్ సాఫీగా నడవకపోతే చాలామందికి మొదట అనుమానం వచ్చేది గ్రాఫిక్స్ కార్డు మీదే. నాకూ అలాగే వచ్చింది. పెద్ద నగరం మీదుగా రన్‌వే వైపు దిగుతున్నప్పుడు సెకనుకు 24 ఫ్రేములు (తెర మీద మారే చిత్రాలు) వచ్చేవి. పాత కార్డు తీసి, దానికి దాదాపు రెట్టింపు శక్తి ఉన్నది పెట్టాను. అదే విమానం, అదే రన్‌వే, అదే వాతావరణం, మళ్ళీ అదే 24. కార్డు బాగానే ఉంది. ప్రాసెసర్ పని ఎప్పుడు అందిస్తుందా అని అది సగం సేపు ఖాళీగా ఎదురుచూస్తోంది. ఏ భాగం ఏ భాగం కోసం ఆగుతోందో తేలేదాకా ఏదీ కొనకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. కింద రాసినదంతా ఆ తేల్చుకోవడం గురించే.

సిమ్యులేటర్ పని మామూలు ఆటల పనికంటే వేరుగా ఉంటుంది. ప్రతి ఫ్రేముకూ విమానం మీద గాలి బలాలు, ఇంజన్ల స్థితి, కాక్‌పిట్‌లోని తెరలు, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, వాతావరణం అన్నీ లెక్కకు రావాలి. ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్ అయితే రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతోందో విడిగా లెక్కగడుతుంది. ఈ లెక్కల్లో చాలావాటికి ముందరి లెక్క ఫలితం కావాలి. అందుకే అవి వరుసలో నిలబడి ఒకే థ్రెడ్‌లో, అంటే ప్రాసెసర్ ఒకదాని తర్వాత ఒకటిగా చేసే పనుల వరుసలో, జరుగుతాయి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఆ వరుస మొత్తం 16.7 మిల్లీసెకన్లలో పూర్తికావాలి. 30 ఫ్రేములు చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్ల సమయం దొరుకుతుంది.

పైన హాయిగా ఉంటుంది, విమానాశ్రయం దగ్గర కుంటుతుంది

సిమ్యులేటర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. 30,000 అడుగుల ఎత్తులో ఇబ్బంది ఉండదు. నగరం దగ్గరపడగానే ఫ్రేములు సగానికి పడిపోతాయి.

పరీక్ష తేలిక. విమానాన్ని ఇబ్బంది పెట్టే చోటనే నిలిపి, రిజల్యూషన్‌ను బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉంది. చటుక్కున పెరిగితే గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ తెరిస్తే, వేగాన్ని అడ్డుకుంటున్నది మెయిన్ థ్రెడ్డా (ప్రాసెసర్ పని), జీపీయూనా (గ్రాఫిక్స్ కార్డు) అన్నది ఫ్రేముల లెక్క పక్కనే కనిపిస్తుంది. ఎక్స్‌ప్లేన్ కూడా సీపీయూ (ప్రాసెసర్) సమయం, జీపీయూ సమయం విడివిడిగా చూపిస్తుంది.

ప్రాసెసర్ వాడకం చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌ను చూసి మాత్రం మోసపోకండి. 16 థ్రెడ్‌ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా, మొత్తం వాడకంలో అది సుమారు 6 శాతమే. "ప్రాసెసర్ 25 శాతమే వాడుతోంది, అంటే దానికి ఇబ్బంది లేదు" అని అనుకునేవారు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

కారణం ప్రాసెసర్ అని తేలితే ముందు సెట్టింగులు మార్చి చూడాలి. భూభాగం ఎంత దూరం వరకు వివరంగా కనబడాలో నిర్ణయించే టెర్రైన్ స్థాయి, విమానాశ్రయ రద్దీ, కాక్‌పిట్ తెరలు ఎంత తరచుగా మారాలన్న సెట్టింగు, ఈ మూడూ ప్రాసెసర్ మీద పడే బరువులు. వీటిని ఒక్కో మెట్టు దించితే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉన్నట్టే కాబట్టి, మేఘాల నాణ్యత, రిజల్యూషన్ కొంత పెంచుకున్నా వేగం తగ్గదు. ఆ ఖాళీని వృథా చేయకండి.

కొనక తప్పదనుకుంటే కోర్ల సంఖ్యను కాక ఒక్క కోరు వేగాన్ని, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) పరిమాణాన్ని చూడండి. 2022లో ఏఎమ్‌డీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీనికి మంచి ఉదాహరణ. మామూలు 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటే, దీనిలో 96 ఎంబీ ఉంది. క్లాక్ వేగం కాస్త తక్కువే అయినా సిమ్యులేటర్లలో ఇదే ముందుంటుంది. భవనాలు, చెట్లు, రన్‌వేలు, విమాన వ్యవస్థల సమాచారం మెమరీలో చెల్లాచెదురుగా ఉంటుంది. దాని కోసం ర్యామ్ దాకా వెళ్ళిన ప్రతిసారీ ప్రాసెసర్ ఆగాల్సిందే. పెద్ద క్యాష్ ఆ ప్రయాణాలను తగ్గిస్తుంది. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీలు కూడా ఇదే దారిలో నడిచాయి. 8 కోర్ల నుంచి 16 కోర్లకు వెళ్తే ఫ్రేములు రెట్టింపవుతాయని మాత్రం ఆశించకండి. యుద్ధ విమానాల సిమ్యులేటర్ డీసీఎస్ వరల్డ్ 2023లో పనిని పలు థ్రెడ్‌లకు పంచడం మొదలుపెట్టాక చాలామందికి మేలు జరిగింది. అయినా అన్నిటికంటే ఆలస్యంగా ముగిసే థ్రెడ్డే ఫ్రేము వేగాన్ని నిర్ణయిస్తుంది.

ఎక్కడికి వెళ్ళినా నెమ్మదే, మేఘాల్లో మరీ నెమ్మది

రిజల్యూషన్ తగ్గించగానే ఫ్రేములు పెరిగితే బరువు గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. కొత్తగా అమర్చిన కంప్యూటర్ అయితే ముందుగా దాని వెనుక వైపుకు వంగి కేబుల్ చూడండి. మానిటర్ తీగను మదర్‌బోర్డుకు గుచ్చి, పక్కన ఉన్న మంచి కార్డును ఖాళీగా వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను.

1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. 3840×2160 తెరలో 83 లక్షలు. మానిటర్ మార్చిన రోజే కార్డు పని నాలుగింతలైందన్నమాట. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపేవి) ఇక్కడ బాగా ఆదుకుంటాయి. అయితే కాక్‌పిట్‌లోని చిన్న అక్షరాలు మసకబారితే ఒక మెట్టు పైకి తెచ్చుకోండి. అంకెలు చదవలేని కాక్‌పిట్‌తో 60 ఫ్రేములు ఉన్నా ఏం లాభం? మేఘాలను ఒక మెట్టు దించడం నా దృష్టిలో అంతకంటే మంచి బేరం.

తగ్గడం క్రమంగా కాకుండా, బాగా నడుస్తున్నది ఒక్కసారిగా 5, 6 ఫ్రేములకు కూలిపోతే వీడియో మెమరీ నిండిందని అనుమానించాలి. చోటు చాలని టెక్స్‌చర్లను (వస్తువుల ఉపరితలాల మీద పరిచే చిత్రాలను) కార్డు మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ దారి చాలా ఇరుకు. టెక్స్‌చర్ నాణ్యత ఒక మెట్టు దించి, సిమ్యులేటర్‌ను మూసి మళ్ళీ తెరవండి. కొనేటప్పుడు రెండు కార్డుల మధ్య ఊగిసలాడుతుంటే, వేగం కాస్త తక్కువైనా మెమరీ ఎక్కువున్న కార్డునే ఎంచుకోమంటాను. ఇతర ఆటలకు 8 జీబీ సరిపోవచ్చు కానీ, వివరమైన విమానాలు, విమానాశ్రయాలు చేర్చుకుంటూ పోయేవారికి 12 లేదా 16 జీబీ ఉంటేనే నిశ్చింత.

వీఆర్ హెడ్‌సెట్‌కు ఇదంతా మరింత కఠినం. 90 హెర్ట్జ్ హెడ్‌సెట్‌కు ఫ్రేము సమయం 11.1 మిల్లీసెకన్లే, పైగా రెండు కళ్ళకూ రెండు దృశ్యాలు గీయాలి. అంత వేగం అందనప్పుడు 45 ఫ్రేములకు స్థిరపరచి, మధ్య ఫ్రేములను హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం మేలు.

సగటు బాగుంది, కానీ కొన్ని సెకన్లకోసారి కుదుపు

సగటు 50 ఫ్రేములని చూపిస్తూనే మలుపు తిరిగిన ప్రతిసారీ దృశ్యం ఒక్క క్షణం ఆగితే, రాబోయే భూభాగం సమయానికి చేరడం లేదని అర్థం.

హార్డ్ డిస్కు మీద సిమ్యులేటర్ ఉంటే మొదటి అనుమానం దాని మీదే. చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో చదవాలంటే దాని తల అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఎస్‌ఎస్‌డీకి మార్చండి. సాటా రకం ఎస్‌ఎస్‌డీ ఇప్పటికే ఉంటే, ఇంకా వేగంగా ఉండే ఎన్‌వీఎంఈ రకం కోసం తొందరపడనక్కరలేదు. హార్డ్ డిస్కు నుంచి మారినప్పుడు కనిపించినంత తేడా ఇక్కడ కనిపించదు.

రెండోది ర్యామ్. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు కనీసం 16 జీబీ, సిఫార్సు 32, ఆదర్శం 64 జీబీ అని తయారీదారులే ప్రకటించారు. 16తో నడిపేవారికి మెమరీ నిండి, డిస్కుకు బదిలీలు మొదలై కుదుపులు వస్తాయి. పేజ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే చోటును) ఎవరి సలహా మీదనో ఆపేసి ఉంటే మళ్ళీ విండోస్‌కే అప్పగించండి, లేకపోతే కుదుపు బదులు సిమ్యులేటర్ ఏకంగా మూతపడుతుంది. ఇక ర్యామ్ వేగం. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్, అంటే ర్యామ్‌ను రాసి ఉన్న వేగంతో నడిపే సెట్టింగు, వేయకపోతే 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉండవచ్చు. ఒకే ర్యామ్ ఉన్నా, రెండిటినీ ఒకే ఛానల్‌లో గుచ్చినా మెమరీ దారి సగమవుతుంది. నాలుగు గూళ్ళున్న బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది సాధారణంగా సరైన జంట. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఇవి రెండూ డబ్బు ఖర్చు లేని పరిష్కారాలు.

మూడోది ఇంటర్నెట్. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ నుంచి భూభాగం చిత్రాలు ఎగురుతుండగానే సర్వర్ల నుంచి దిగుతున్నాయి. 2024 కూర్పుకు సిఫార్సు చేసిన వేగం 50 ఎంబీపీఎస్. వైఫై బదులు తీగ వాడి ఒక రోజు చూడండి.

ఏదీ దొరకకపోతే ఫ్రేములకు 30 అని హద్దు పెట్టండి. 28 నుంచి 55 మధ్య ఎగిరెగిరి పడేదానికంటే నిలకడగా ఉండే 30 కంటికి ఎంతో నయం. ముఖ్యంగా నేలను తాకే చివరి క్షణాల్లో చేతికి కావలసింది ఆ నిలకడే.

20 నిమిషాలు బాగుండి, తర్వాత మందగింపు

ఇది వేడి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95 నుంచి 100 డిగ్రీల దగ్గరకు చేరి, అదే సమయంలో క్లాక్ వేగం పడిపోతే ఇక సందేహం అక్కరలేదు. దుమ్ము దులపండి, థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే మార్చండి. ల్యాప్‌టాప్ అయితే వెనుకవైపు కాస్త ఎత్తి గాలికి దారివ్వండి, బ్యాటరీ మీద ఎప్పుడూ నడపకండి.

రాకెట్ కదులుతోంది, కాలం కదలడం లేదు

అంతరిక్ష సిమ్యులేటర్ల సమస్యలు వేరే జాతివి. నాకు ఎంతో ఇష్టమైన భాగం కూడా ఇదే.

రాకెట్లు కట్టి ఎగరేసే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో పైన ఎడమవైపు ఉండే గడియారం పచ్చరంగు నుంచి పసుపుకు, ఎరుపుకు మారితే, సిమ్యులేటర్ కాలం అసలు కాలంకంటే నెమ్మదిగా నడుస్తోందని సూచన. ఒక రాకెట్‌లో 400 భాగాలుంటే వాటి మధ్య ప్రతి అతుకు మీదా పడే ఒత్తిడిని లెక్కించాలి. ఒక నౌక లెక్క ఒకే థ్రెడ్‌లో జరుగుతుంది. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఆ గడియారం రంగు మారదు. భాగాల సంఖ్య తగ్గించండి, చిన్న ట్యాంకులు పది బదులు పెద్దది ఒకటి వాడండి. కొనాల్సి వస్తే ఒక్క కోరు వేగం చూడండి. ఎక్స్‌ప్లేన్ కూడా సుమారు 20 ఫ్రేముల కిందికి పడితే కాలాన్నే నెమ్మదింపజేస్తుంది, లేకపోతే గాలి లెక్కలు గతి తప్పుతాయి.

మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన అంతరిక్ష సిమ్యులేటర్ ఆర్బిటర్ పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. అక్కడ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, కాలాన్ని వేగవంతం చేసినప్పుడు కక్ష్య చెదిరిపోవడం. సెకనుకు 60 ఫ్రేములతో 1000 రెట్ల వేగం పెడితే ఒక్కో ఫ్రేము 16.7 సెకన్ల ప్రయాణంతో సమానం. భూమికి దగ్గరి కక్ష్యలో నౌక వేగం సెకనుకు 7.7 కిలోమీటర్లు. అంటే ఒక్క అడుగులో అది 128 కిలోమీటర్లు దూకుతోంది. ఫ్రేములు సగానికి పడితే ఆ దూకుడు రెట్టింపవుతుంది, దాంతో లెక్కలో తప్పు పేరుకుంటుంది. గ్రహానికి దగ్గరగా ఉన్నప్పుడు, ఇంజన్ వెలిగించే ముందు కాలవేగాన్ని తగ్గించడమే మందు. కక్ష్యను స్థిరపరిచే సెట్టింగు కూడా వాడుకోండి.

ఇంకొకటి. దూర అంతరిక్షంలో కాక్‌పిట్, నౌక భాగాలు సన్నగా వణుకుతుంటాయి. గ్రాఫిక్స్ కార్డు పాడైందని కంగారుపడకండి. కంప్యూటర్ 32 బిట్ల దశాంశ సంఖ్యలో స్థానాన్ని దాచుకుంటే, చంద్రుడున్నంత దూరంలో, అంటే 3,84,000 కిలోమీటర్ల దగ్గర, పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే 32 మీటర్లు. అందుకే మంచి సిమ్యులేటర్లు 64 బిట్ల సంఖ్యలు వాడతాయి, లేదా నౌకనే కేంద్రంగా చేసుకుని లోకాన్ని దాని చుట్టూ జరుపుతాయి. వణుకు కనిపించినప్పుడు యాడ్ఆన్‌లు (విడిగా చేర్చుకున్న అదనపు భాగాలు) తీసేసి చూడండి, కొత్త కూర్పు వచ్చిందేమో చూడండి. హార్డ్‌వేర్‌తో దీనికి సంబంధం లేదు.

జాయ్‌స్టిక్ మధ్యలో మాయమవుతుంది, విమానం తనంతట తానే పక్కకు లాగుతుంది

యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపుల కరెంటు మాత్రమే ఇవ్వాలన్నది ప్రమాణం. జాయ్‌స్టిక్, థ్రాటిల్, పెడల్స్ మూడింటినీ సొంత అడాప్టర్ లేని ఒకే హబ్‌కు తగిలిస్తే ఏదో ఒకటి జారిపోవడం సహజం. అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి, విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (విద్యుత్తు ఆదా కోసం పోర్టును నిద్రపుచ్చే సెట్టింగు) ఆపేయండి. విమానం పక్కకు లాగుతుంటే స్టిక్ కదలికను రాపిడితో కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిందేమో చూడాలి. కాలిబ్రేషన్ తెరలో స్టిక్ కదపకుండానే గుర్తు వణికితే అదే. కొద్దిగా డెడ్‌జోన్ (మధ్యలో చిన్న కదలికలను పట్టించుకోని భాగం) పెడితే కొంతకాలం గడుస్తుంది. మళ్ళీ కొనేటప్పుడు హాల్ సెన్సర్ ఉన్నది తీసుకోండి. అందులో అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తారే తప్ప రాపిడి ఉండదు, కాబట్టి అరుగుదల లేదు.

ఏ హెచ్చరికా లేకుండా కంప్యూటర్ ఆగిపోతుంది

నీలి తెర లేదు, దోష సందేశం లేదు, ఒక్కసారిగా చీకటి. విండోస్ సంఘటనల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 (సరిగ్గా మూయకుండా ఆగిపోయిందన్న గుర్తు) అని మాత్రమే ఉంటే, ఉష్ణోగ్రతలు కూడా మామూలుగానే ఉంటే, పవర్ సప్లైని అనుమానించండి. గ్రాఫిక్స్ కార్డు సగటున వాడే వాట్లకు, కొన్ని మిల్లీసెకన్ల పాటు లాగే వాట్లకు చాలా తేడా ఉంటుంది. పాత సప్లై ఆ క్షణపు దెబ్బకు రక్షణ కోసం ఆపేసుకుంటుంది. కార్డుకు రెండు 8 పిన్నుల కనెక్టర్లుంటే ఒకే తీగ కొసలను రెండిటికీ కాకుండా సప్లై నుంచి రెండు వేర్వేరు తీగలు వేయండి. కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించి ఒక పూర్తి ప్రయాణం చేయండి. అప్పుడు ఆగకపోతే తప్పు సప్లైదే కావడానికి అవకాశం ఎక్కువ. అలా దించినా ఆగిపోతుంటే, తప్పు ర్యామ్ వేగానిదేమో తేల్చుకోవడానికి ఎక్స్‌ఎంపీ తీసేసి మరో ప్రయాణం చేసి, ఆ తర్వాతే సప్లై మార్చే ఆలోచన చేయండి.