కెమెరా బాడీ మార్చాలా? ఏది తీసుకోవాలో మీ పాత ఫోటోలు చూసి తేల్చుకోవడం ఎలా

కెమెరా బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) మార్చాలనిపించగానే అందరం చేసే పని ఒకటే, రివ్యూ వీడియోలు పెట్టుకుని కూర్చోవడం. ఒక పది చూసేసరికి లేని సమస్యలు కూడా ఉన్నట్టే అనిపిస్తాయి, సెకనుకి 30 ఫ్రేములు రాకపోతే ఇన్నాళ్లూ ఫోటోలెలా తీశామా అని డౌటొస్తుంది. అవి కాసేపు ఆపి మీ హార్డ్‌డిస్క్ తెరవండి.

స్టెప్ 1: ఏం తీస్తున్నారో లెక్క తీయండి

ప్రతి ఫోటో ఫైల్లో ఎక్సిఫ్ డేటా ఉంటుంది కదా, ఏ లెన్స్, ఎంత షట్టర్ స్పీడ్, ఎంత ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సిటివిటీ చెప్పే అంకె) అన్నీ అందులోనే. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మెటాడేటా ఫిల్టర్ పెడితే దేంతో ఎన్ని తీశారో వరసగా చూపిస్తుంది, అది లేనివాళ్లకి డిజికామ్ ఫ్రీగానే దొరుకుతుంది. వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్‌ని అనుకునేవాళ్ల ఫోల్డర్లో సగం ఇంట్లో పిల్లల ఫోటోలే ఉండొచ్చు, అందులో తప్పేం లేదు, కానీ కెమెరా ఆ సగానికి కూడా పనికిరావాలి.

స్టెప్ 2: పాడైన ఫోటోలు ఎందుకు పాడయ్యాయో చూడండి

అసలు పని ఇదే. బాగా వచ్చినవి పక్కన పెట్టి, పోయినవి జూమ్ చేసి చూడండి (వెంటనే డిలీట్ చేసే అలవాటుంటే ఓ నెల ఆపండి).

బ్లర్ అంతా ఒకటే రకం కాదు. ఫ్రేమ్ మొత్తం ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది, దానికి బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఉన్న కెమెరా బాగా పనికొస్తుంది. వెనక గోడ షార్ప్‌గా ఉండి పరిగెత్తే పిల్లాడు మాత్రమే చెరిగిపోతే కదిలింది వాడు, మీరు కాదు, అక్కడ స్టెబిలైజేషన్ ఎంత గొప్పదైనా ఏం చెయ్యలేదు, షట్టర్ 1/60 సెకను నుంచి 1/500 దాకా పెంచాలి, అంటే 3 స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) వెలుతురు ఇంకెక్కడినుంచో తేవాలి. ఇక మొహం మెత్తగా ఉండి చెవో, వెనకున్న కుర్చీనో షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది, కన్ను పట్టుకుని వదలకుండా ట్రాక్ చేసే ఆటోఫోకస్ ఉన్న కొత్త మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కెమెరాకి) మారితే తేడా నిజంగా కనిపిస్తుంది. నన్నడిగితే పాత డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా) వదిలెయ్యడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

నాయిస్ (తక్కువ వెలుతురులో ఫోటో మీద కనిపించే గరుకు చుక్కలు) గొడవైతే తొందరపడకండి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్‌కి) వెళ్తే, అదే అపర్చర్‌లో (లెన్స్ తెరుచుకునే సైజులో), లాభం ఒక స్టాపు కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఎఫ్/4 జూమ్ బదులు ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ) పెడితే రెండు స్టాపులు దాటి వస్తుంది, అదీ ఉన్న బాడీ మీదే.

పక్షులు తీసేవాళ్లు మాత్రం ఫుల్‌ఫ్రేమ్ అనగానే ఎగబడొద్దు. అదే లెన్స్, అదే దూరం అనుకుంటే 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌ని ఏపీఎస్-సీ సైజుకి క్రాప్ చేస్తే మిగిలేది పదిన్నర మెగాపిక్సెల్స్, అంటే ఇప్పుడు చేతిలో 24 మెగాపిక్సెల్ క్రాప్ (ఏపీఎస్-సీ) బాడీ ఉంటే డబ్బులిచ్చి వెనక్కి వెళ్లినట్టే. 45 మెగాపిక్సెల్స్‌దైతే క్రాప్‌లో 20 దాకా మిగులుతుంది, కాస్త నయం.

వెలుతురు బాలేక, ఫ్రేమింగ్ కుదరక పోయినవే ఎక్కువ ఉన్నాయా? అయితే ఇప్పుడు బాడీ కొనకండి.

స్టెప్ 3: మెగాపిక్సెల్స్ మోజు తగ్గించుకోండి

24 నుంచి 45కి వెళ్తే దాదాపు డబుల్ అనిపిస్తుంది గానీ ఫోటో వెడల్పు పెరిగేది 37 శాతమే. 24 మెగాపిక్సెల్స్ అంటేనే 6000 పిక్సెళ్ల వెడల్పు, 300 డీపీఐలో 20 అంగుళాల ప్రింటు. ఫోన్లో చూసేవాళ్లకి ఏ తేడా తెలీదు, మీ కంప్యూటర్‌కి మాత్రం బాగా తెలుస్తుంది.

స్టెప్ 4: ఉన్న లెన్సుల సంగతి తేల్చుకోండి

కానన్ ఈఎఫ్ (డీఎస్ఎల్ఆర్) లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో పాత ఏఎఫ్-డీ లెన్సులు ఉన్నవాళ్లు జాగ్రత్త, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లో ఫోకస్ మోటర్ లేదు కాబట్టి జెడ్ (మిర్రర్‌లెస్) బాడీ మీద చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. సోనీ ఈ-మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్స్ బాడీకి తగిలే చోటు) క్రాప్ లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌కి తగులుతుంది, కాకపోతే క్రాప్ మోడ్‌లోకి (సెన్సర్ మధ్య భాగమే వాడే మోడ్‌లోకి) పోతుంది. మౌంట్ మారుస్తున్నారంటే లెన్సుల ఖర్చు కూడా కలిపే లెక్కెయ్యండి.

స్టెప్ 5: కొనేముందు చేత్తో పట్టుకోండి

అద్దెకి దొరికితే ఒక వారాంతం వాడి, మీరు మామూలుగా తీసేవే తియ్యండి. మీ పెద్ద లెన్స్ తగిలించి బరువు చూడండి. సైలెంట్ షట్టర్ పెట్టి ఎల్ఈడీ లైట్ల కింద తీసి చూడండి, సెన్సర్ రీడౌట్ (ఫోటోని సెన్సర్ మీంచి చదవడం) నెమ్మదిగా ఉండే బాడీల్లో చారలు పడతాయి, వేగంగా కదిలేవి వంకర పోతాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లకి రెండు కార్డ్ స్లాట్లు తప్పనిసరి, మిగతావాళ్లకి ఉంటే మంచిదే.

సెకండ్‌హ్యాండ్ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో) అడగండి. అపర్చర్ ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, గుండ్రటి మసక చుక్కలు చాలావరకు దుమ్మే, క్లీన్ చేస్తే పోతాయి, క్లీన్ చేశాక కూడా పోని గీతలు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు.