ర్యాక్‌లో కేబుల్ వేసే ముందు

సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలు పెట్టే ర్యాక్ తలుపు తీయగానే కేబుళ్లు మీద పడితే, ఆ పని చేసినవాణ్ణి తిట్టుకోనివాళ్లు ఉండరు. గచ్చిబౌలిలో ఒక రాత్రి రెండింటికి నేను తిట్టుకున్నది నన్నే. లేబుల్ లేని నీలం కేబుల్ పీకాను. పీకాల్సింది దాని పక్కది.

అప్పట్నుంచీ పని లేబుల్‌తోనే మొదలుపెడతాను. కేబుల్ దూర్చకముందే రెండు చివర్లకూ ఒకే నంబరు: ర్యాక్, యూనిట్ (ర్యాక్‌లో ఎన్నో అర), పోర్టు. కనెక్టర్‌కి నాలుగు వేళ్ల దూరంలో అంటిస్తే, ప్లగ్ పెట్టాక కూడా కనబడుతుంది. పెన్నుతో రాయకండి, చెరిగిపోతుంది.

కట్టడానికి జిప్ టై వద్దు, వెల్క్రో వాడండి. జిప్ టై బిగించి లాగితే లోపల రెండేసి మెలిపెట్టిన తీగల జంటల అమరిక నలుగుతుంది. పైగా రేపు ఒక్క కేబుల్ మార్చాలన్నా కట్టంతా కోయాలి. వెల్క్రో కింద వేలు దూరేంత వదులుండాలి. మలుపు దగ్గర వ్యాసార్థం కేబుల్ మందానికి నాలుగు రెట్లకు తగ్గకూడదు. క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్‌కి సుమారు రెండున్నర సెంటీమీటర్లు. జాక్‌లో తీగల్ని పంచ్ చేసేటప్పుడు (నొక్కి బిగించేటప్పుడు) జంట మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి.

పవర్ ఒక పక్క, డేటా ఇంకో పక్క. 10 గిగాబిట్ వేగం కావాలంటే క్యాట్ 6 దాదాపు 55 మీటర్ల వరకే, 100 మీటర్లకు క్యాట్ 6ఏ తీసుకోండి.

మీటరు చాలే చోట మూడు మీటర్ల ప్యాచ్ కార్డు (రెండు చివర్లా ప్లగ్ ఉన్న రెడీమేడ్ కేబుల్) పెడితే, మిగిలిన రెండు మీటర్లూ ఫ్యాన్ గాలికి అడ్డమే. ముందు టేపుతో కొలిచి, తర్వాతే ఆర్డర్ పెట్టండి.