ప్రతిపాదన ఎక్కడ ఆగింది? బీఐపీ, ఈఐపీల చిక్కులు, వాటి విరుగుడు

ఓపెన్ సోర్స్ క్రిప్టో ప్రాజెక్టులో పెద్ద మార్పు ఏది చేయాలన్నా, కోడ్ కంటే ముందు ఆ మార్పు ఏంటో రాసి అందరి ముందూ పెట్టాలి. బిట్‌కాయిన్‌లో ఆ రాతను బీఐపీ (బిట్‌కాయిన్ ఇంప్రూవ్‌మెంట్ ప్రపోజల్) అంటారు, ఎథీరియంలో ఈఐపీ (ఎథీరియం ఇంప్రూవ్‌మెంట్ ప్రపోజల్). పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాళ్ల పీఈపీల (ఇలాంటి ప్రతిపాదన పత్రాల) నమూనాలో 2011లో అమీర్ తాకీ అనే డెవలపర్ ఈ పద్ధతిని వివరించే బీఐపీ-1 రాశాడు. 2015లో ఎథీరియం కూడా అదే దారి పట్టింది. నేను ఒక చిన్న ప్రాజెక్టుకి వచ్చే ప్రతిపాదనలు చూస్తుంటాను. పేర్లు మారతాయి గానీ ఫిర్యాదులు మాత్రం అవే.

"పుల్ రిక్వెస్ట్ పెట్టి నెలలైంది, నంబర్ కూడా ఇవ్వలేదు"

పుల్ రిక్వెస్ట్ అంటే మీ ఫైలును ప్రాజెక్టులో చేర్చమని పంపే అభ్యర్థన; దాన్ని చూసి నంబర్ ఇచ్చేది ఎడిటర్. ఎడిటర్‌కి మీ మీద పగ ఏమీ ఉండదు. ముందు మీ ఫైలు పేరు చూసుకోండి. మీకు నచ్చిన నంబర్ మీరే పెట్టేసుకున్నారా? బిట్‌కాయిన్‌లో రచయితలు సొంతంగా నంబర్ పెట్టుకోకూడదని బీఐపీల పద్ధతి గురించిన బీఐపీ-2లోనే రాసి ఉంది. ఆ తర్వాత, ఈ ఆలోచన మీద ఎక్కడైనా బహిరంగంగా చర్చ జరిగిందా అన్నది చూడండి. చర్చ లేకుండా నేరుగా వచ్చిన ఫైలుని ఎడిటర్ పక్కన పెడతాడు, అది న్యాయమే. చర్చ లింకు, ఇంతకుముందు వచ్చిన ఇలాంటి ప్రతిపాదనకీ దీనికీ తేడా, మీ లైసెన్స్ ఏంటి, ఈ మూడూ జోడించి మళ్లీ అడగండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కదలికే లేదంటే లోపం ప్రాజెక్టుదే: చూసేవాళ్లు చాలరు. బిట్‌కాయిన్‌లో ఏళ్ల తరబడి ఈ భారం ల్యూక్ డాష్‌జూనియర్ ఒక్కడి మీదే ఉండేది. 2021లో కల్లే అల్మ్ తోడయ్యాడు, 2024 ఏప్రిల్‌లో మరో ఐదుగురు వచ్చారు. మీ ప్రాజెక్టులో ఎడిటర్ ఒక్కరే ఉంటే, ఆ మనిషి సెలవు పెట్టకముందే ఇంకొకరిని చేర్చుకోండి.

"మెర్జ్ అయింది కదా, ఇంకా ఎవరూ అమలు చేయడం లేదేంటి?"

మెర్జ్ అంటే ఫైలు ప్రాజెక్టు ఫైళ్లలో చేరిపోవడం. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. మిగతా గొడవల్లో సగం దీని నుంచే పుడతాయి. ప్రతిపాదనకి నంబర్ రావడం అంటే రాత చదివేలా ఉందని, చర్చకి పనికొస్తుందని అర్థం. అంతే. దాన్ని సమ్మతి అనుకోకూడదు. బ్లాక్ (లావాదేవీల కట్ట) సైజును 8 మెగాబైట్లకు పెంచాలన్న బీఐపీ-101కి నంబర్ ఉంది, పెద్ద మద్దతుదారులు ఉన్నారు, అయినా బిట్‌కాయిన్‌లో అది ఎప్పుడూ అమల్లోకి రాలేదు.

ఈ గీత చెరిగిపోతే ఇరుక్కునేది ఎడిటర్లే. 2018లో ఎథీరియంలో పోగొట్టుకున్న నిధులను తిరిగి ఇప్పించే పద్ధతి కోసం ఈఐపీ-867 వచ్చింది. దాన్ని డ్రాఫ్ట్‌గా మెర్జ్ చేయాలా వద్దా అన్న తగాదాలో యోయిచి హిరాయ్ ఎడిటర్ పదవికే రాజీనామా చేశాడు. డ్రాఫ్ట్‌గా చేర్చడాన్నే జనం తీర్పు అనుకుంటే ఎడిటర్‌కి టెన్షన్ ఎందుకుండదు?

ప్రాజెక్టు నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 'ఈ నంబర్ ఆమోదం కాదు' అన్న వాక్యం రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లు ఉండే చోటు) మొదటి పేజీలో పెట్టండి. పత్రం ఏ దశలో ఉంది, నెట్‌వర్క్‌లో అమలైందా లేదా అన్నవి రెండు వేర్వేరు గడుల్లో రాయండి. రచయితలైతే మెర్జ్ అయిన రోజునే నోడ్ (నెట్‌వర్క్ నియమాలు సరిచూసే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల దగ్గరికీ, వాలెట్ టీముల దగ్గరికీ వెళ్లాలి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్లు చెబుతారు. ఆ అభ్యంతరాలను దాచకుండా పత్రంలోనే రాసి, వాటి కిందే జవాబు ఇవ్వండి.

"ఇద్దరూ అదే పత్రం చూసి రాశారు, ఒకరి డేటా మరొకరికి చెల్లడం లేదు"

మా దగ్గర జరిగింది చెబుతాను. పత్రంలో 'సంఖ్యను నాలుగు బైట్లలో రాయాలి' అని ఉంది. ఒక టీము చిన్న బైటు ముందు పెట్టింది, రెండో టీము పెద్ద బైటు ముందు పెట్టింది. బైటుకి రెండు హెక్స్ (పదహారు ఆధారపు) అంకెల చొప్పున రాస్తే, 1 అనే సంఖ్య మొదటివాళ్ల దగ్గర 01000000, రెండోవాళ్ల దగ్గర 00000001. రెండోవాళ్లు పంపిన 1ని మొదటివాళ్లు 1,67,77,216 అని చదివారు. రెండు రోజులు కోడ్‌లో వెతికారు. తప్పు కోడ్‌లో ఉంటేగా!

ఆ వాక్యాన్ని ఇలా మార్చాం: 'నాలుగు బైట్లు, గుర్తు లేని పూర్ణాంకం, లిటిల్ ఎండియన్, 1 అయితే 01000000.' లిటిల్ ఎండియన్ అంటే చిన్న బైటు ముందు. చివర ఉన్న ఆ ఉదాహరణే అసలు మందు. టెస్ట్ వెక్టర్లు (ఈ ఇన్‌పుట్‌కి ఈ ఫలితం అని చూపే ఉదాహరణలు) లేని ప్రతిపాదనను ఖరారు కానివ్వకండి. చెల్లేవాటితో పాటు చెల్లనివి కూడా ఇవ్వాలి. బెక్32 అనే బిట్‌కాయిన్ అడ్రసుల రూపం గురించిన బీఐపీ-173లో తిరస్కరించాల్సిన స్ట్రింగుల జాబితా కూడా ఉంటుంది, చూడండి.

"ఫైనల్ అయ్యాక తప్పు బయటపడింది"

పాత పత్రాన్ని గుట్టుగా దిద్దకండి. అప్పటికే దాన్ని చూసి కోడ్ రాసినవాళ్లు ఉంటారు. పైన చెప్పిన బెక్32లోనే ఒక లోపం దొరికింది: స్ట్రింగ్ చివరి అక్షరం 'పి' అయితే, దాని ముందు 'క్యూ'లు చేర్చినా తీసేసినా చెక్‌సమ్ (రాతలో తప్పులు పట్టే లెక్క) సరిపోయేది. దానికోసం బీఐపీ-350 అని కొత్తది రాశారు. చెక్‌సమ్‌లోని స్థిరాంకం మార్చి బెక్32ఎమ్ అన్నారు. సెగ్‌విట్ అనే బిట్‌కాయిన్ మార్పుతో వచ్చిన అడ్రసుల్లో సున్నా వెర్షన్‌వి పాత పద్ధతిలోనే ఉన్నాయి, ఒకటి నుంచి పైవాటికి కొత్త పద్ధతి. అక్షర దోషాలైతే నేరుగా దిద్దుకోవచ్చు. అర్థం మారితే మాత్రం కొత్త నంబర్ తీసుకోవాల్సిందే.

"95 శాతం సరే అన్నారు, అయినా చైన్ చీలింది"

సిగ్నల్ అంటే, బ్లాకులు తయారుచేసే మైనర్లు కొత్త నియమానికి సిద్ధమని తమ బ్లాకులో పెట్టే గుర్తు. అది ఇచ్చినంత మాత్రాన ఆ నియమాన్ని నిజంగా సరిచూస్తున్నట్టు కాదు. 2015 జులై 4న, డిజిటల్ సంతకాల రూపాన్ని కచ్చితం చేసే బీఐపీ-66 అమల్లోకి వచ్చింది. చివరి 1000 బ్లాకుల్లో 950 సిగ్నల్ ఇచ్చాయి. ఆ వెంటనే ఒక చెల్లని బ్లాకు పడింది. సిగ్నల్ ఇచ్చిన మైనర్లలోనే కొందరు దాన్ని సరిచూడకుండా దాని మీదే కొత్త బ్లాకులు తవ్వుకుంటూ పోయారు. చెల్లని చైన్ ఆరు బ్లాకుల దాకా సాగింది.

దీనికి పూర్తి మందు లేదు. అందుకే 'అమలు' అన్న విభాగాన్ని సాంకేతిక వివరణ నుంచి విడదీసి, గడువు, శాతం, సఫలం కాకపోతే ఏంటి అన్నవన్నీ విడిగా రాయాలి. శాతం ఎక్కువ పెడితే కొద్దిమంది అడ్డుకోగలరు. సిగ్నళ్లు లెక్కించే పద్ధతి చెప్పే బీఐపీ-9 ప్రకారం 2016 బ్లాకుల్లో 95 శాతం అడిగిన సెగ్‌విట్ నెలల తరబడి నిలిచిపోయింది. 2017 ఆగస్టు 1 నుంచి తమ నోడ్లు సిగ్నల్ లేని బ్లాకుల్ని తోసేస్తాయని బీఐపీ-148 వాళ్లు పట్టుబట్టేదాకా వచ్చింది. ఆ అనుభవంతో ట్యాప్‌రూట్ అనే తర్వాతి మార్పుకి 90 శాతం, అంటే 2016లో 1815 బ్లాకులు చాలన్నారు. 2021 నవంబరులో 7,09,632వ బ్లాకు దగ్గర అది పెద్ద గొడవ లేకుండా అమల్లోకి వచ్చింది.

"డ్రాఫ్టులు గుట్టలా పేరుకుపోయాయి"

ఎథీరియం పద్ధతి తీసుకోండి: ఆరు నెలలు కదలకపోతే 'స్టాగ్నెంట్' ముద్ర పడుతుంది, రచయిత వచ్చి మళ్లీ కదిపితే ఆ ముద్ర పోతుంది. తొలగించడం మాత్రం వద్దు. ఎందుకు ఆగిందో ఒక్క ముక్క రాసి ఉంచితే, మూడేళ్ల తర్వాత అదే ఆలోచనతో వచ్చే కొత్త మనిషికి ఆ పాత పత్రం లింకు పంపిస్తే సరిపోతుంది.