ఏ, ఎస్ గీతలు చదివే ముందు

ఏటూరునాగారం వైపు నుంచి బిడ్డను తెచ్చిన తల్లిని నేను మొదట అడిగేది ఒకటే: "అమ్మా, ఈ మధ్య రక్తం ఎక్కించిన్రా?" నేను చేసేది హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను కరెంటుతో విడదీసి గీతలుగా చదివే పరీక్ష. అందులో 'ఏ' మామూలు రకం, 'ఎస్' సికిల్ రకం. హనుమకొండలో ల్యాబ్ పనిలో చేరిన కొత్తలో ఆ మాట అడగక, సికిల్ సెల్ జబ్బున్న బాబుకు "క్యారియర్" (ఏ, ఎస్ రెండూ ఉండి జబ్బు లేనివాడు) అని రాయబోయాను. ఎక్కించిన రక్తం వల్ల ఎస్‌తో పాటు 'ఏ' గీత కూడా పడింది. "నెల కింద రెండు బాటిళ్లు ఎక్కించిన్రు మేడం" అని వాళ్లమ్మ చెబితే గుండె ఝల్లుమంది. మూడు నెలలు దాటితేనే ఈ పరీక్ష చేయండి. ఆలోపు తల్లిదండ్రుల రక్తం చూడండి.

ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన ప్లాస్మా తీసేయండి. కణాలను సెలైన్‌తో మూడుసార్లు కడగాలి. ఇక్కడ బద్ధకించొద్దు, ప్లాస్మా ప్రొటీన్లు మిగిలితే వాటికీ రంగు పట్టి లేని గీతలు కనిపిస్తాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ కలిపితే కణాలు పగులుతాయి. మళ్లీ తిప్పి, దానిమ్మరసంలా తేటగా ఉన్నదే వాడండి.

సెల్యులోజ్ అసిటేట్ పట్టీని బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) మెల్లగా దించండి. గబుక్కున ముంచితే గాలి చిక్కుకుని తెల్ల మచ్చలు పడతాయి, ఆ పట్టీ పనికిరాదు. పైతడి అద్ది, మైనస్ వైపు శాంపిల్ పెట్టండి. పక్కనే ఏ, ఎఫ్ (పసిపిల్లల రకం), ఎస్ ఉన్న కంట్రోల్ (పోల్చి చూసేందుకు ముందే తెలిసిన శాంపిల్) తప్పనిసరి. మేం 350 వోల్టుల దగ్గర 25 నిమిషాలు నడిపి, పాన్సో రంగులో 5 నిమిషాలు ఉంచి, అసిటిక్ యాసిడ్‌తో కడుగుతాం.

బఫర్ పీహెచ్ 8.5 దగ్గర ఉంటే హిమోగ్లోబిన్ ప్లస్ వైపు పోతుంది. సికిల్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్‌కు బదులు వాలిన్ ఉంటుంది. రుణావేశం తగ్గి ఎస్ వెనకబడుతుంది. 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది ఈ ఆవేశపు తేడానే. ప్లస్ వైపు నుంచి ఏ, ఎఫ్, ఎస్, ఏ2 (పెద్దల రక్తంలో కొద్దిగా ఉండే రకం) వరుసలో చదవండి.

ఎస్ చోట గీత కనబడగానే రిపోర్టు రాయొద్దు. హిమోగ్లోబిన్ డీ అనే ఇంకో రకం కూడా అక్కడే ఆగుతుంది. సాల్యుబిలిటీ టెస్టు (ఎస్ ఉంటే ద్రావణం మసకబారే పరీక్ష), పీహెచ్ 6.2 అగార్ పట్టీ చూశాకే రాయండి. తలసీమియా క్యారియర్ కోసం ఏ2ను కంటితో అంచనా కట్టకుండా హెచ్‌పీఎల్‌సీకి (ఒక్కో రకం ఎంత శాతమో కొలిచే యంత్ర పరీక్షకు) పంపండి.

ఆ బాబు తల్లికీ, తండ్రికీ ఏ, ఎస్ రెండు గీతలూ పడ్డాయి. డాక్టరమ్మ ఆ రెండు పట్టీలు ముందు పెట్టుకునే వాళ్లతో మాట్లాడింది.