పాత ఆకురాయితో ఉలి: ఉక్కును గట్టిపరచి టెంపర్ చేయడం ఎలా?

అరిగిపోయిన ఆకురాయి కర్రపని ఉలికి మంచి సరుకు. మంచి ఆకురాయి ఉక్కులో కార్బన్ ఒక శాతానికి అటూఇటూగా ఉంటుంది. చవకవాటిలో కొన్నింటికి పైపొరే గట్టిగా ఉంటుంది, అవి వద్దు.

1. ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి రాత్రంతా వదిలేయండి. మెత్తబడ్డాక ఉలి ఆకారానికి అరగదీయండి. పాత పళ్ల గాట్లు ఒక్కటీ మిగలకూడదు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అంచును కాగితంలా పలచన చేయకండి, కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉంచండి.

2. కొలిమిలో అంచు వైపు రెండంగుళాలు సమానంగా కాల్చండి. 727 డిగ్రీలు దాటాక ఉక్కు లోపలి అణువుల అమరిక వేరై ఆస్టెనైట్‌గా మారుతుంది, కార్బన్ అందులో కరుగుతుంది. అయస్కాంతం దాన్ని పట్టడం మానేస్తే సుమారు 770 డిగ్రీలన్నమాట. ఇంకొంచెం ఎరుపెక్కగానే తీసేయండి. నారింజ, పసుపు రంగుల దాకా పోనిస్తే లోపలి రేణువులు పెద్దవై ఉలి పెళుసుబారుతుంది.

3. వెంటనే 50-60 డిగ్రీల వంటనూనెలో నిలువుగా ముంచి, పైకీ కిందికీ ఆడించండి. బయటికి పోయే వ్యవధి లేక కార్బన్ లోపలే ఇరుక్కుపోతుంది. ఆ గట్టి స్థితే మార్టెన్సైట్. నూనె అంటుకోవచ్చు కాబట్టి ఇనుప డబ్బా, దానికి మూత, కళ్లజోడు తప్పనిసరి. ఇంకో ఆకురాయితో గీరితే జారిపోవాలి. పట్టిందంటే మళ్లీ కాల్చాల్సిందే.

4. ఇప్పుడు ఉలి గాజులా పెళుసు, కిందపడినా విరగొచ్చు. రేపు చూద్దాంలే అనుకోకుండా, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో ఉంచడం) మొదలుపెట్టండి. ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో) 200 డిగ్రీల దగ్గర గంట ఉంచి, చల్లార్చి, మళ్లీ గంట పెట్టండి. ఈ వేడికి కార్బన్ సన్నని కార్బైడ్లుగా (ఇనుము, కార్బన్ కలిసిన రేణువులుగా) విడిపడుతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. మారకుండా మిగిలిన ఆస్టెనైట్‌లో కొంత చల్లారేటప్పుడు కొత్త మార్టెన్సైట్ అవుతుంది, దానికోసమే రెండో విడత. ఓటీజీ బటన్‌ను నమ్మకండి, లోపల విడిగా థర్మామీటరు పెట్టండి.

ఓటీజీలో పెట్టేముందే ఉలిని ఒకచోట మెరిసేలా రుద్ది ఉంచండి, అక్కడ లేత గడ్డిరంగు రావాలి. నీలం దాకా పోతే సుమారు 300 డిగ్రీలు, కర్రపని అంచుకు అది మరీ మెత్తన. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా మాట. ఎక్కువసేపు ఉంచితే తక్కువ వేడికే రంగు ముదురుతుంది.

5. నీళ్లలో ముంచుతూ సానపట్టి, టేకు ముక్క మీద కొట్టి చూడండి. అంచు పెచ్చులూడితే ఇంకో 15 డిగ్రీలు పెంచి టెంపర్ చేయండి. మడతపడితే మాత్రం రెండో మెట్టు నుంచి మళ్లీ చేయాలి.