దత్తతా, కొనుగోలా: కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు

కుక్కను పెంచుకోవాలనుకునేవారు చాలామంది ముందు జాతిని ఎంచుకొని, ఆ తరువాత దానికి కేటాయించవలసిన సమయం కోసం తడుముకుంటారు. ఈ వరుసను తిరగవేయాలి. ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు ఎవరో ఒకరు ఉంటారో నిజాయతీగా కాగితం మీద రాసుకుంటే, షెల్టర్ (దిక్కులేని, వదిలేసిన కుక్కలను సాకే చోటు) నుంచి కుక్కను దత్తత తీసుకోవాలా, పిల్లను కొనుక్కోవాలా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

2 నెలల కుక్కపిల్ల మూత్రాన్ని రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు కాబట్టి, రాత్రి కూడా నిద్ర లేచి దానిని బయటకు తీసుకువెళ్లాలి. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేదాకా, అంటే ఇంచుమించు 6 నెలల వరకు, చెప్పులూ కరెంటు తీగలూ దాని నోటికి అందకుండా చూసుకోవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, 3వ వారం నుంచి సుమారు 14వ వారం వరకు సాగే దశ. ఆ రోజుల్లో మంచిగా పరిచయమైన మనుషులన్నా, చప్పుళ్లన్నా, ఇతర జంతువులన్నా పెద్దయ్యాక దానికి బెదురు తక్కువగా ఉంటుంది. అయితే పార్వో, డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన అంటువ్యాధులకు వేసే టీకాల వరుస 16వ వారం దాకా నడుస్తుంది గనుక, ఆలోగా వీధి కుక్కలు తిరిగే నేల మీద వదలకుండా, చేతుల్లో ఎత్తుకొని లోకాన్ని చూపించవలసి ఉంటుంది. ఇంత తీరిక లేనివారు పిల్లను కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఎదిగిన కుక్క విషయంలో పరిమాణం, చురుకుదనం ముందే కళ్లకు కనబడతాయి. స్వభావం మాత్రం షెల్టర్‌లో పూర్తిగా బయటపడదు; అక్కడి అరుపుల మధ్య ఒక మూల ముడుచుకొని పడుకున్నదే ఇంటికి వచ్చాక సోఫాలెక్కి గంతులు వేయవచ్చు. అందువల్ల వేర్వేరు వేళల్లో కనీసం రెండుసార్లు వెళ్లి, దానిని ఆవరణ బయట కాసేపు నడిపించి చూడాలి. పాత యజమాని ఎందుకు వదిలేశాడు, తింటున్నప్పుడు దగ్గరకు వెళితే గుర్రుమంటుందా, ఒంటరిగా ఉండగలదా అని సంరక్షకులను అడగాలి. బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడడానికి 3 వారాలు, నమ్మకం కుదరడానికి 3 నెలలు అని ఒక లెక్క వాడుకలో ఉంది. అది అంచనాయే గానీ హామీ కాదు.

కొనాలనే నిర్ణయించుకుంటే, తల్లి కుక్కను చూపించని వారి దగ్గరా, 8 వారాలు నిండకముందే పిల్లను అప్పగించే వారి దగ్గరా కొనవద్దు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులకు తుంటి కీళ్ల లోపం వంశపారంపర్యంగా రావచ్చు కాబట్టి తల్లిదండ్రుల ఎక్స్‌రేలు అడగాలి. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు ఎండలో ఊపిరికే కష్టపడతాయి. ముఖం ముద్దుగా ఉందని వాటిని ఎంచుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంటే, కొత్తగా వచ్చినది ఏదైనా సరే, పశువైద్యుడు పరీక్షించి, టీకాలు, నులిపురుగుల మందు సంగతి చూసేదాకా, వీలైతే 2 వారాలు, వేరే గదిలో ఉంచాలి. ఆపైన తొలి పరిచయం ఇంట్లో కాకుండా, పాత కుక్క తనదని భావించని చోట, రెండింటినీ తాళ్లతో పట్టుకొని జరిపించాలి.