లాకర్లున్నా బ్యాగులు బల్లల మీదే ఎందుకు? సొంత సీటు లేని ఆఫీసులో సామాను చిక్కులు

సొంత సీటు ఉన్నన్నాళ్లూ డ్రాయరే లాకర్. ఛార్జర్, మందులు, గొడుగు, ఇంకో జత చెప్పులు అన్నీ అందులోనే పడి ఉండేవి. ఏ రోజు సీటు ఆ రోజే చూసుకునే హాట్ డెస్క్ పద్ధతి వచ్చాక డ్రాయర్లు పోయాయి గానీ సామాను పోలేదు. అడ్మిన్ వాళ్ల దగ్గరికి తరచూ వచ్చే ఫిర్యాదులు, వాటి వెనక అసలు కారణాలు ఇవీ.

“లాకర్లు చాలడం లేదు”

అందరూ చెప్పే సమస్య ఇదే. కొత్త లాకర్లు కొనేసి చేతులు దులుపుకునేదీ దీని విషయంలోనే. ఆర్డర్ పెట్టే ముందు, ఆఫీసు బాగా నిండిన రోజు మధ్యాహ్నం ఎన్ని లాకర్లకు తాళం పడి ఉందో లెక్కపెట్టండి. రాత్రి అందరూ వెళ్లిపోయాక ఇంకోసారి లెక్కపెట్టండి.

రెండు లెక్కలూ దాదాపు ఒకటే వచ్చాయంటే లాకర్లకు కొరత లేదు, ఖాళీ చేసేవాళ్లే లేరు. రోజువారీ లాకర్‌ను కొందరు సొంతం చేసేసుకున్నారన్నమాట. రేపు దొరకదేమోనన్న టెన్షన్‌తోనే అలా చేస్తారు కాబట్టి హెచ్చరిక మెయిళ్లు పంపితే పెద్దగా పని జరగదు. దాదాపు రోజూ వచ్చేవాళ్లకు పేరు మీద శాశ్వత లాకర్ ఇచ్చేయండి. మిగతావి ఒక్కరోజు వాడకానికే ఉంచి, డిజిటల్ తాళంలో గడువు సమయం పెట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని తాళాలు గడువు కాగానే నిజంగానే తెరుచుకుంటాయి, లోపల వస్తువులున్నా సరే. మీ తాళం ఏం చేస్తుందో ముందే చూసుకోండి. మిగిలిపోయిన సామాను తీయాల్సి వస్తే ఇద్దరు ఉండి, జాబితా రాసి, సంచిలో వేసి సీల్ చేయాలి. ఎన్నాళ్లు దాచిపెడతారో ముందే అందరికీ చెప్పి ఉండాలి.

రాత్రికి చాలావరకు ఖాళీ అయి, పగలే నిండిపోతుంటే అది నిజమైన కొరత. అప్పుడు మొత్తం ఉద్యోగుల సంఖ్య పట్టుకోకండి, సగటు హాజరూ వద్దు. ఎంట్రీ కార్డుల రికార్డులో ఎక్కువ మంది వచ్చిన రోజు చూడండి. ఉదాహరణకు, 200 మందిలో ఆ రోజు వచ్చింది 120 మంది అయితే లెక్క 120 దగ్గర మొదలుపెట్టండి. శాశ్వత లాకరున్నవాళ్లు రాని రోజు అవి ఖాళీగా ఉన్నా ఎవరికీ పనికిరావు కాబట్టి, వాళ్లలో ఆ రోజు రానివాళ్ల సంఖ్యను దీనికి కలపండి.

“కార్డు పెడితే తెరుచుకోవడం లేదు”

మొదటి రోజు నుంచీ ఎవరి కార్డూ పనిచేయకపోతే తరచూ కారణం ఫ్రీక్వెన్సీ, అంటే కార్డూ తాళమూ మాట్లాడుకునే రేడియో తరంగం. పాత ఐడీ కార్డులు చాలావరకు 125 కిలోహెర్ట్జ్ మీద నడుస్తాయి, కొత్త లాకర్ తాళాలు ఎక్కువగా 13.56 మెగాహెర్ట్జ్ మీద. ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. రెండూ ఉన్న కార్డులైనా ఇవ్వాలి, పిన్ నంబరుతో తెరిచే తాళాలైనా తీసుకోవాలి.

ఒక్కరికే ఇబ్బందైతే, ఒకే పౌచ్‌లో రెండు కార్డులు పెట్టుకున్నారేమో అడగండి. ఒకటి బయటికి తీస్తే చాలు. బీప్ వచ్చి కూడా తలుపు కదలకపోతే లోపల బ్యాగు తలుపును నెడుతూ ఉంటుంది. గడియ బిగుసుకుపోతుంది. అరచేత్తో తలుపును లోపలికి నొక్కి పట్టి మళ్లీ కార్డు పెట్టండి. అసలు చప్పుడే లేదంటే బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా తాళాలకు 9 వోల్టుల బ్యాటరీని బయట నుంచి ఆనించి తెరిచే వీలుంటుంది. లోపలి బ్యాటరీలను ఒకటొకటిగా మార్చేకన్నా వరుస మొత్తం ఒకేసారి మార్చడం నయం.

“బ్యాగు పట్టడం లేదు”

లాకర్ వెడల్పు తరచూ 30 సెంటీమీటర్లే. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లు. అంటే నిలబెట్టి పెట్టాలి, ఎత్తు తక్కువ గడి అయితే అదీ కుదరదు. కేటలాగ్ చూసి కొనకుండా ఒక నిండు బ్యాగు, ఒక ఫుల్ హెల్మెట్ తీసుకెళ్లి నమూనా లాకర్లో పెట్టి చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే లోపలి అర తీసేయండి, కోట్లకూ తడి రెయిన్‌కోట్లకూ బయట కొక్కేలు పెట్టండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు నేల నుంచి 40, 120 సెంటీమీటర్ల మధ్య ఉన్న వరుస కేటాయించాలి.

“లాకర్ ఇచ్చినా బ్యాగు సీటు దగ్గరే”

లాకర్లు దూరంగా ఉన్నాయి, అంతే. ఛార్జర్ కోసం ఇంకో అంతస్తుకు ఎవరు వెళ్తారు? సీట్ల దగ్గరికి జరపండి, గోడకు బిగించండి, మంటలప్పుడు బయటపడే దారికి మాత్రం అడ్డం రాకూడదు. జరపలేకపోతే చేతిలో పట్టుకెళ్లే చిన్న ట్రేలు ఇవ్వొచ్చు. అయితే ట్రేలో కాగితాలు వదిలేయకూడదు. సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 పాటించే సంస్థల్లో సాధారణంగా ‘క్లియర్ డెస్క్’ (బల్ల మీద కాగితాలు వదిలేయకూడదన్న) నియమం ఉంటుంది కాబట్టి ఆ కాగితాలకు తాళం ఉన్న చోటే కావాలి.

“నా లాకర్ ఎవరో తెరిచారు”

మాస్టర్ కీ ఎవరెవరి దగ్గర ఉందో ముందు తేల్చండి. ఎవరు ఎప్పుడు ఎందుకు తెరిచారో రాసే పుస్తకం లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి. కొన్ని డిజిటల్ తాళాల్లో రికార్డు దానంతటదే ఉంటుంది గానీ, అందులో ఎవరు ఎన్నింటికి వచ్చారో వెళ్లారో కూడా తెలుస్తుంది. దాన్ని హాజరు పట్టీలా వాడితే మరుసటి వారానికల్లా బ్యాగులన్నీ మళ్లీ బల్లల మీదికి చేరతాయి.